తొమ్మిదో పోస్టు మనిషి

లియోన్ గోర్స్కీ రిసీవరును చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, రొట్టె ముక్కకు వెన్న రాసుకుంటూ బోస్టన్ నుంచి అడుగుతున్న మనిషికి జవాబు చెబుతున్నాడు. ఇత్తడి గొట్టాల కంపెనీ షేర్లా? నాలుగో పోస్టు, డెలూకా. పియానోల కంపెనీవా? పదకొండో పోస్టు, వైస్‌మన్. వైస్‌మన్‌కు ఎడమ చెవి సరిగ్గా పనిచేయదు, మీ బ్రోకరును కుడివైపు నిలబడి అడగమనండి. బోస్టన్ మనిషి నవ్వి థాంక్స్ చెప్పాడు. లియోన్ నవ్వలేదు, రొట్టె కొరికాడు.

న్యూయార్క్‌లో స్టాక్ ఎక్స్ఛేంజీ హాలుకు పైన, అద్దాల గోడ వెనక ఉంది అతను కూర్చునే గది. రెండు ఫోన్లు, రెండు కుర్చీలు, ఒక పొడవాటి బల్ల. రెండో కుర్చీలో బెర్నిస్ కూర్చుంటుంది. బాగా నడిచే షేర్ల గురించి ఇక్కడికి ఎవరూ ఫోన్ చేయరు. ఎవరికీ పట్టని షేర్ల గురించే చేస్తారు. అలాంటి ప్రతి షేరుకూ కింద ఒక స్పెషలిస్టు ఉంటాడు. కొనేవాడు రాకపోతే తనే కొనాలి, అమ్మేవాడు రాకపోతే తనే అమ్మాలి. బేరం ఉన్నా లేకపోయినా ముగింపు గంట కొట్టేదాకా హాల్లో తనకు కేటాయించిన చోట, అంటే తన పోస్టు దగ్గర, కాళ్లు నొప్పులు పుట్టేలా నిలబడాలి. ఏ షేరుకు ఎవరు, ఎక్కడ అన్నది అడిగినవాళ్లకు చెప్పడమే లియోన్ ఉద్యోగం.

మనిషి సన్నగా, పొడుగ్గా ఉంటాడు. మెడ మరీ పొడుగు, కాలరు ఎప్పుడూ వదులే. గ్రీన్‌పాయింట్‌లో చెల్లెలు హలీనా ఇంట్లో పైభాగంలో ఉంటాడు. పొద్దున ఆమె కట్టిచ్చిన సాసేజీ, రొట్టె తెచ్చుకుని, మధ్యాహ్నందాకా ఆగలేక ముందే తినేస్తాడు. పెళ్లి చేసుకోలేదు. చేసుకుందామనుకున్న ఏడాదే ఉద్యోగం పోయింది. అదెందుకు పోయిందో అతను ఒక్క రోజు కూడా మరిచిపోలేదు.

అప్పట్లో లియోన్ కింద హాల్లోనే ఉండేవాడు, బ్రోకరుగా. అక్కడ కాగితం తర్వాత, మాట ముందు. ధర అడుగుతారు, చెబుతారు, సరే అంటారు, బేరం అయిపోయినట్టే. కాకపోతే ఒక ఆనవాయితీ ఉంది. విడిపోయే ముందు ఇద్దరూ ఆ బేరాన్ని ఒకసారి గట్టిగా తిరిగి చెప్పుకోవాలి, పక్కవాళ్లకు వినబడేలా. ఆ రోజు టోపీల కంపెనీ షేర్లు పెద్ద మొత్తంలో కావాలని లియోన్ తొమ్మిదో పోస్టుకు వెళ్లాడు. స్పెషలిస్టు హ్యూ మెకాలిఫ్ ధర చెప్పి, "అవి నీవే, తీసుకో" అన్నాడు. అంత పెద్ద బేరం తన చేతిమీదుగా జరగడం అదే మొదటిసారి. ఆ సంబరంలో లియోన్ తిరిగి చెప్పకుండానే ఫోన్ దగ్గరికి పరుగెత్తాడు. అతను తిరిగి వచ్చేలోపు టోపీల కంపెనీని ఇంకో పెద్ద కంపెనీ కొనబోతోందని కబురు వచ్చింది, ధర ఎగిరి కూర్చుంది. పాత ధరకు ఇవ్వడం ఇష్టంలేక మెకాలిఫ్ అందరి ముందూ భుజాలెగరేశాడు. "నన్నెవరూ అడగలేదు. నాకేం వినబడలేదు" అన్నాడు.

స్పెషలిస్టు మాట నిలిచింది, కుర్రాడి మాట పోయింది. కొనుగోలు కబురు చివరికి ఉత్తదే అయింది, టోపీల కంపెనీ మళ్లీ ఎవరికీ పట్టకుండా పోయింది. లియోన్‌కు అంటిన మచ్చ మాత్రం పోలేదు. ఆ తర్వాత అతను ఏ పోస్టుకు వెళ్లినా చెవి దగ్గర చెయ్యి పెట్టి, "మళ్లీ చెప్పు లియోన్, వినబడలేదు" అని నవ్వేవాళ్లు. రెండు నెలల్లో అతని బ్రోకరు కంపెనీవాళ్లు పొమ్మన్నారు. ఎవరో జాలిపడి ఈ ఫోన్ దగ్గర కూర్చోబెట్టారు.

పంతొమ్మిదేళ్లుగా అద్దంలోంచి కింద మెకాలిఫ్‌ను చూస్తూ పళ్లు నూరుకుంటున్నాడు లియోన్. అందరి పేర్లూ చెప్పే ఆ నోటితో అతని పేరు మాత్రం పలకడు. "తొమ్మిదో పోస్టు" అంటాడు, అంతే. ఎవరని అడిగితే, "వెళ్లండి, ఉంటాడు" అంటాడు. ఇదేం పగ అని మీకు నవ్వు రావచ్చు. చేతిలో అంతకంటే పెద్దది లేనివాడు ఏం చేస్తాడు?

ఆ వారం అతనికి పెద్దదే దొరికింది. ఎవరో ముసలాయన చనిపోతే వారసులు అతని టోపీల కంపెనీ షేర్లన్నీ అమ్మకానికి తెచ్చి పోశారు. ఈ రోజుల్లో టోపీ పెట్టుకునేదెవరు? కొనేవాడు ఒక్కడూ లేడు. రోజూ మెకాలిఫే కొంటున్నాడు, కొనక తప్పదు. నిన్నటికే మునిగాడని, ఇవాళో రేపో పోస్టు వదులుకుంటాడని హాలంతా చెప్పుకుంటోంది.

పదిన్నరకు ఫోన్ మోగింది. ఫిలడెల్ఫియా నుంచి ఒకావిడ. వాళ్ల ఫండుకు టోపీల కంపెనీ షేర్లు కావాలట, ఎన్ని ఉంటే అన్ని. బ్రోకరును ఎవరి దగ్గరికి పంపమంటారని అడిగింది.

లియోన్ చేతిలో వెన్న కత్తి ఆగిపోయింది. అద్దంలోంచి కిందికి చూశాడు. మెకాలిఫ్ పోస్టుకు ఆనుకుని, నెత్తి మీది టోపీ తీసి దాంతో విసురుకుంటున్నాడు. ఆ కంపెనీ టోపీయే, బూడిదరంగుది. హాల్లో టోపీతో కనబడేది అతనొక్కడే.

"ఆ షేరు చూసే ఆయన ఇవాళ లేరమ్మా. రేపు చేయండి" అన్నాడు.

అనగానే ఒంట్లో చల్లగా, హాయిగా అనిపించింది. రిసీవరు పెట్టేశాక మిగిలిన రొట్టె ఎంతో రుచిగా తిన్నాడు. బెర్నిస్ అతని వంక వింతగా చూసింది. "ఏమయ్యా, ఇవాళ ముఖం వెలిగిపోతోంది, పెళ్లి కుదిరిందా?" అంది. కుదిరిందన్నాడు.

రెండు దాటాక బెర్నిస్ కాఫీ గిన్నె కడగడానికి వెళ్లింది. అప్పుడు మెట్ల మీద బరువైన అడుగులు వినబడ్డాయి. మెకాలిఫ్. ఈ గదికి ఎన్నడూ రాలేదు. ముఖం సున్నం కొట్టినట్టుంది, పెదాల చుట్టూ చెమట. టోపీ తీసి బల్ల మీద పెట్టి, రెండు చేతులూ బల్లకు ఆనించి ఊపిరి పీల్చుకున్నాడు.

"లియోన్, నా షేరు గురించి ఎవరైనా ఫోన్ చేశారా? ఫిలడెల్ఫియాలో ఎవరో వెతుకుతున్నారని విన్నాను."

ఈ క్షణం కోసం లియోన్ ఎన్ని మాటలు కూర్చుకున్నాడో లెక్కలేదు. తీరా అవసరానికి అవేవీ రాలేదు. అతని దగ్గర నేర్చుకున్న మాటే వచ్చింది.

"నన్నెవరూ అడగలేదు. నాకేం వినబడలేదు."

 మెకాలిఫ్‌కు కోపం రాలేదు. తల నెమ్మదిగా ఊపాడు.

"ఆ రోజు నాకు వినబడింది, లియోన్. నువ్వడిగావు, నేను ఇచ్చాను."

లియోన్ గబుక్కున పక్కకు చూశాడు. బెర్నిస్ కుర్చీ ఖాళీ. "రా" అని లేచాడు. "కిందికి రా. ఈ మాట హాల్లో చెప్పు. గట్టిగా చెప్పు."

"గంట కొట్టాక చెబుతాను. అందరి ముందూ చెబుతాను" అన్నాడు మెకాలిఫ్. "ఇప్పుడు పోస్టు ఖాళీగా ఉంది, ఉండకూడదు."

కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగి వెళ్లాడు. లియోన్ అద్దానికి ముఖం ఆనించి నిలబడ్డాడు. గంట కొట్టడానికి ఇంకా అరగంటకు పైనే ఉంది. అది ఎప్పుడు గడుస్తుందా అని చూస్తున్నాడు. డెలూకా వింటాడు, వైస్‌మన్ కుడి చెవితో వింటాడు, నవ్విన ప్రతివాడూ వింటాడు. ఆ తర్వాత నువ్వు ఏ గంగలో దూకినా నాకనవసరం, అనుకున్నాడు.

మెకాలిఫ్ మడతకుర్చీ తెరిచి కూర్చున్నాడు. గడ్డం ఛాతీకి ఆనింది. పక్క పోస్టువాడు వచ్చి భుజం తట్టాడు, ఇంకోసారి తట్టాడు. తర్వాత చుట్టూ మనుషులు మూగారు. స్ట్రెచరు వచ్చింది, కానీ ఎవరూ తొందరపడలేదు. దాన్ని మోసుకెళ్తుంటే హాల్లోవాళ్లు పక్కకు జరిగి దారి ఇచ్చారు. అంతే, మళ్లీ అరుపులు మొదలయ్యాయి.

"దొంగవెధవ" అన్నాడు లియోన్ అద్దంతో. "చెప్పకుండానే పోయావు." కళ్లు మండుతున్నాయి. బెర్నిస్ గిన్నె తుడుచుకుంటూ వచ్చి ఏమైందని అడిగింది. మెకాలిఫ్ ఒప్పుకున్నాడని చెప్పినా ఎవరు నమ్ముతారు?

ఫోన్ మోగింది. మళ్లీ ఫిలడెల్ఫియా ఆవిడే. రేపటిదాకా ఆగలేమంది, కనీసం ఆయన పేరైనా చెప్పమంది.

"తొమ్మిదో పోస్టు" అన్నాడు లియోన్. గొంతు సవరించుకున్నాడు. "మెకాలిఫ్. హ్యూ మెకాలిఫ్."

సరిగ్గా వినబడలేదు, మళ్లీ చెప్పమంది ఆవిడ. ఇంకోసారి, గట్టిగా చెప్పాడు.

ఎవరిదయ్యా ఇది అంటూ బెర్నిస్ బల్ల మీదికి చెయ్యి చాచింది. ముట్టుకోవద్దని లియోన్ సైగ చేశాడు. రొట్టె పొడి మధ్య బూడిదరంగు టోపీ వెల్లకిలా ఉంది, లోపలి తోలుపట్టీ చెమటకు ఇంకా తడిగానే ఉంది.