అద్దం మీద అరచెయ్యి

నేను ఒక కెమెరా లెన్సుని. మూరెడు పొడవు, మూడు కిలోల బరువు. నన్ను మొదట కొన్న పెద్దమనిషి ఒక్క నెమలిని తీసి, భుజం పీకుతోందని షోకేసులో పెట్టేశాడు. వచ్చిన చుట్టాలందరికీ చూపించుకున్నాడు పాపం.

తరవాత కర్నూలు డ్రిల్లు మాస్టారు జిలానీ చేతికొచ్చాను. ఆయన స్టాండు వాడడు. "మనం స్టాండు బిగించేదాకా పిట్ట ఆగుతుందా?" అంటాడు. మోచేతులు డొక్కలకు ఆనించి, ఊపిరి బిగబట్టి నన్ను ఎత్తుతాడు. ఆయన గుండె కొట్టుకోవడం నాకు తెలిసేది.

ఓ గడ్డిబీడుకు మద్దిలేటి కాపలాదారు. బట్టమేక పిట్ట, అంటే దాదాపు కనుమరుగైన నడుమెత్తు పక్షి, ఇంకా అక్కడ ఉందని నాలుగేళ్లుగా మొత్తుకుంటున్నాడు. ఎవరూ నమ్మలేదు. ఈ వానాకాలం దాటేలోగా ఫోటో చూపించకపోతే కాపలా ఎత్తేస్తామన్నారు పైవాళ్లు. ఉద్యోగం సంగతి అటుంచి, 'అబద్ధాలోడు' అన్న మాటే అతన్ని తినేస్తోంది. అందుకే మాస్టారిని పిలిపించాడు.

పదకొండు రోజులు తిరిగాం. పన్నెండో పొద్దున కనిపించింది! గడ్డిలో కూర్చుని ఉంది. పోచలు అడ్డమొచ్చి నాకు గోధుమరంగు మరకే తెలుస్తోంది. నాలుగడుగులు వేస్తే చాలు. మాస్టారు ఒకటి వేశాడు. పిట్ట మెడ నిక్కింది, కాస్త లేచింది. పొట్ట కింద గుడ్డు. పైన కాకులు తిరుగుతున్నాయి.

అంతే, మద్దిలేటి చెమట అరచెయ్యి నా అద్దం మీద పడింది.

"వద్దు సార్. లేచిందంటే గుడ్డు కాకులపాలు."

"నీ ఉద్యోగమయ్యా!" అన్నాడు మాస్టారు గుసగుసగా.

"పోతే పోనీ సార్. అబద్ధాలోడంటే అననీ."

వంగి వంగి వెనక్కొచ్చేశాం. నెల తిరిగాక అక్కడ పిల్ల పగలగొట్టుకుని వెళ్లిన గుడ్డు పెంకు దొరికింది. మద్దిలేటి అది చూసి ఏడ్చాడు. నాకూ ఏడుపొచ్చింది, కన్నుంది గానీ కన్నీళ్లు లేవు. కళ్లారా చూశామని మాస్టారు ఆఫీసుల చుట్టూ తిరిగి చెప్పాడు. "ఫోటో ఏదీ?" అన్నారు. పెంకు చూపిస్తే నెమలిదేమో అన్నారు. కాపలా ఎత్తేశారు.

ఇప్పుడు బీరువాలో ఉంటున్నాను. ఆ చెమటకు నా అద్దం మీద బూజు పట్టింది, అయిదు వేళ్లూ తెలిసేలా. రిపేరతను చూసి, "రుద్దితే పోతుంది సార్" అన్నాడు.

మాస్టారు నన్ను వెనక్కి తీసుకున్నాడు.

"వద్దు. ఆ పిట్టది మా దగ్గరున్న ఫోటో అదొక్కటే."