మొర్రిగూడలో ఎవరూ లేరు

దారి నీళ్లలా కదులుతోంది. సిడాం మారు అడుగు వేసిన చోటల్లా రాళ్లు ఇసుకగా, ఇసుక జొన్న మోళ్లుగా మారిపోతున్నాయి. ఆ మసక దాటితే మొర్రిగూడ. తల్లి పోయాక తనను సాకిన మేనత్త ముత్తుబాయి అక్కడే ఉంటుంది. ఆమె చనిపోయి పాతికేళ్లయిందని అతనికి తెలుసు, అయినా ఆలస్యమైతే కోప్పడుతుందేమోనని త్వరత్వరగా నడుస్తున్నాడు.

ముత్తుబాయి గుడిసె ముందు ఇప్పపూలు ఆరబోస్తోంది. గుడిసెకు గోడలు లేవు, కప్పు లేదు, అయినా తలుపు దగ్గర తల వంచి రమ్మంటోంది, అతను వంచుకునే వస్తున్నాడు.

"కూసో అల్లుడా. ఆ దినం దొర నిన్నేమడిగిండు?"

మారు ఖాకీ చొక్కా విప్పేయాలని చూస్తున్నాడు, ఒక గుండీ విప్పితే ఇంకొకటి పుడుతోంది. పాత రాజ్యం కూలి, గెలిచిన పటాలం కొండల్లోకి వచ్చిన ఏడాది అది. తుపాకుల చప్పుడుకు గూడెమంతా గుట్టెక్కి దాక్కుంది. దొరల భాష వచ్చినవాడని మారు ఒక్కణ్ణే కిందికి పంపింది, ఇది మా తాతల చోటని చెప్పి రమ్మని. అడవికి హద్దులు వేస్తున్న కొత్త దొర ఖాళీ గుడిసెలు చూసి ఇవి ఎవరివని అడిగాడు. ఆ వెంటనే, తనకొక కావలివాడు కావాలని కూడా అన్నాడు.

"ఎవరియీ కావని చెప్పిన. ఈడ ఎవరూ ఉండరని చెప్పిన, అత్తా."

"గుట్ట మీదికెల్లి మేం చూస్తనే ఉంటిమి. నువ్వు చెయ్యి ఊపుకుంట చెప్తుంటివి. మా అల్లుడు మా దిక్కే మాట్లాడుతుండని నేను అందరికీ చూపిస్తి."

గూడెం దిగి వచ్చేసరికి హద్దురాయి పక్కన ఖాకీ తొడుక్కుని నిలబడింది మారే. గూడేన్ని అడవి నుంచి వెళ్లగొట్టాక ఆ వానాకాలమే ముత్తుబాయి కింది ఊళ్లో ఎవరిదో పశువుల కొట్టంలో కన్నుమూసింది.

"నన్ను మట్టిచేసేటప్పుడు ఎందుకు రాలే?"

"వస్తే నువ్వు నా మేనత్తవని దొరకు ఎరుకయ్యేది."

ఆమె కోప్పడదు. పూలు ఒక్కొక్కటే తిరగేస్తోంది.

"పోనీ, నీ ఇంటామెకైన ఎరుకనా, నేనొకదాన్ని ఉంటినని?"

చెప్పాలని మారు నోరు తెరిచేలోపే గుట్టా పూలూ ఆమె చేతులూ తెల్లటి ఎండలో కరిగిపోతున్నాయి.

కళ్లు తెరిచేసరికి మిట్టమధ్యాహ్నం. వాకిట్లో భార్య లచ్చుబాయి చాప మీద ఇప్పపూలు ఆరబోస్తోంది.

"నిద్దట్ల అత్తా, అత్తా అంటుంటివి. మా అమ్మ వచ్చిందా కలలకు?"

మారు మంచం మీద లేచి కూర్చున్నాడు.

"ఆఁ. మీ అమ్మనే."

లచ్చుబాయి కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"అమ్మకు నువ్వంటే శాన నమ్మకముండె," అంది.