అన్సెల్మ్ దిద్దిన పాటలు

ఇళ్ళ కప్పులకి వేసే పలకలు తీసే మా ఊరి పలకరాయి గని 1971 జూన్‌లో మూతపడింది. నాలుగేళ్ళ తర్వాత దాని మీద మేమొక రికార్డు చేశాం. మేమంటే నలుగురం. రెమీ చిన్నపిల్లల బళ్ళో పంతులు. పాటలు రాసేదీ, పాడేదీ, కీబోర్డులు వాయించేదీ అతనే. గస్పార్ ఇనుప పోత కర్మాగారంలో పనిచేసేవాడు, మాకు డ్రమ్స్ వాయించేవాడు. జోయెల్‌ది గిటారు. నేను పోస్టాఫీసు కౌంటరులో ఉద్యోగం చేస్తూ ఫ్లూటు వాయించేదాన్ని. ఆదివారం పొద్దున ఊరు ఊరంతా చర్చిలోనో మంచంలోనో ఉండగా, డాన్సు హాలు వెనక సామాన్ల గదిలో సాధన చేసుకునేవాళ్ళం.

రెమీ పాటలు ఒక్కొక్కటీ పది పన్నెండు నిమిషాలుండేవి. అన్నీ దిగులు పాటలే. మొదటి మూడు నిమిషాలు ఆర్గన్ ఒక్కటే మోగేది. డ్రమ్ముల వెనక గస్పార్ వేరుశెనగలు ఒలుచుకుంటూ, "నా వంతు వస్తే లేపండి" అనేవాడు. రెమీకి అవి నవ్వులాట మాటలుగా అనిపించేవి కావు. ముప్పై ఒక్క ఏళ్ళు గనిలో పనిచేసిన తండ్రిని తలుచుకుని రాస్తున్నాడు మరి.

ఆ తండ్రి పేరు అన్సెల్మ్. భార్య పోయాక కొడుకు దగ్గరే ఉంటున్నాడు. ఆయన ఊపిరితిత్తుల నిండా రాతి దుమ్మే. వంతెన దాటి బేకరీ దాకా నడవాలంటే రెండుచోట్ల ఆగాలి. ఆగినప్పుడల్లా నదిలోకి చూస్తూ, చేపల కోసం చూస్తున్నట్టు నటించేవాడు.

మార్చిలో ఒక ఆదివారం, పిలవకుండానే సాధనకు వచ్చాడు. ఖాళీ సీసాల పెట్టె బోర్లించుకుని కూర్చున్నాడు. మేం రికార్డు మొదటి వైపుకి అనుకున్న పాటలన్నీ ఆపకుండా వాయించాం. అయిపోయాక టోపీ మోకాలి మీద పెట్టుకుని అడిగాడు.

"ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదు నాన్నా. ఇది గని గురించి," అన్నాడు రెమీ.

"గని గురించా? నా శవం పక్కన వాయిస్తున్నారేమో అనుకున్నా. నేనింకా బతికే ఉన్నాన్రా. దీనికి పేరేం పెట్టారు?"

జోయెల్ నెమ్మదిగా, "'పలకల ప్రార్థన' అండీ," అన్నాడు.

"గనిలో మేం ప్రార్థన ఎప్పుడూ చెయ్యలేదబ్బాయ్. బూతులు మాట్లాడుకున్నాం. అవి పెట్టండి, బాగుంటాయి."

గస్పార్ తలకాయ డ్రమ్ముల వెనక్కి దించేసుకున్నాడు. ముసలాయన వెళ్ళిపోయాడు. రెమీ కీబోర్డు మీద దుప్పటి కప్పేశాడు. ఆ తర్వాత రెండు ఆదివారాలు సాధన లేదు. మే నెలలో రాఁస్ నగరంలో స్టూడియో నాలుగు రోజులకి మాట్లాడుకుని ఉన్నాం. తండ్రీకొడుకులు ఒకే ఇంట్లో ఉంటూ ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం లేదని బేకరీ ఆవిడ చెప్పింది.

నాకు విసుగొచ్చింది. ఒక గురువారం మధ్యాహ్నం, రెమీ బడిలో ఉండగా, పాటల కాగితాలు పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను.

"నువ్వొస్తున్నట్టు వాడికి తెలుసా?" అన్నాడు అన్సెల్మ్ తలుపు తీస్తూ.

"తెలీదండీ."

"అయితే లోపలికి రా."

చికోరీ కలిపిన కాఫీ పోసి ఇచ్చి, కళ్ళజోడు పెట్టుకుని చదవడం మొదలుపెట్టాడు. రెండో వరుసలోనే ఆగిపోయాడు.

"'నల్లని రాయి కన్నీరు కార్చింది.' నలుపెక్కడిదమ్మా? మన పలక ఊదారంగు. వాడి నెత్తి మీద ఇంటికప్పు ఊదారంగు, వాడు చదివిన బడి కప్పు ఊదారంగు. ఒక్కసారి తలెత్తి చూస్తే సరిపోయేది."

"ఇంకా?"

"'మౌనంగా దిగారు.' ఎవరు? గుస్తావ్ ఉన్న షిఫ్టులో మౌనమా? దిగిన దగ్గర్నుంచి వాళ్ళత్తగారి కథలే. ఆవిడ పోయినా ఆపలేదు వాడు." అలా ఒక్కొక్క వరుసా చదువుతూ పెన్సిలుతో కొట్టేసుకుంటూ పోయాడు. చివరి పాట దగ్గర మాత్రం పెన్సిలు ఆగింది. "'చివరి మనిషి చీకటిని కౌగిలించుకున్నాడు.' ఈ చివరి మనిషి ఎవరో తెలుసా నీకు?"

"ఎవరు?"

"నేనే. గని మూసిన రోజు డైరెక్టరు ఉపన్యాసం అయింది, ఫోటోలు తీశారు, అందరం పైకొచ్చేశాం. కోటు మర్చిపోయానని చెప్పి నేనొక్కణ్ణే మళ్ళీ దిగాను. నేనేం కౌగిలించుకోలేదు. చక్కెర రొట్టె తిన్నాను."

నాకు అర్థం కాలేదు.

"మా ఆవిడ షిఫ్టు మొత్తానికీ పంచమని పెద్ద రొట్టె చేసి ఇచ్చింది. సగం పంచాను. సగం దాచాను. ముప్పై ఏళ్ళు అక్కడ ఏం తిన్నా పంచుకునే తిన్నాం. ఆ ఒక్కరోజూ ఎవరికీ పెట్టబుద్ధి కాలేదు. అప్పటికే ఆవిడకి ఒంట్లో బాగోలేదు, మళ్ళీ చేస్తుందో లేదో తెలీదు. దీపం ఆర్పేసి, రాయి మీద కూర్చుని, మొత్తం తినేసి వేళ్ళు నాక్కున్నాను. పైకొచ్చి కోటు దొరకలేదని చెప్పాను."

"ఏడ్చారా?"

"నోటినిండా రొట్టె పెట్టుకుని ఎట్లా ఏడుస్తారమ్మా?"

సాయంత్రం కాగితాలు రెమీకి ఇచ్చి, విన్నదంతా విన్నట్టే చెప్పాను. అతను మొదట నా మీదే విరుచుకుపడ్డాడు. "నన్నడక్కుండా మా ఇంటికెళ్ళావా? రొట్టె మీద పన్నెండు నిమిషాల పాట ఎవడైనా రాస్తాడా ఓడెట్?" అని వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్నే పోస్టాఫీసుకొచ్చాడు. పెన్షన్ల కోసం నిలబడ్డ ముసలివాళ్ళ వెనక వరుసలో నిలబడి, తన వంతు వచ్చాక కౌంటరు మీదకి వంగాడు. కళ్ళు చూస్తే నిద్రపోలేదని తెలుస్తోంది.

"నాలుగేళ్ళుగా నాకెందుకు చెప్పలేదు ఆయన?"

"నువ్వు అడిగావా?"

వెనకనున్న పెద్దావిడ కర్రతో నేల మీద కొట్టి, "స్టాంపులు తీసుకుంటావా, లేక ఇక్కడే కాపురం పెడతావా బాబూ?" అంది.

ఆ రోజునుంచి ఏప్రిల్ ఆఖరుదాకా, బడి వదిలాక తండ్రీకొడుకులిద్దరూ వంటింటి బల్ల దగ్గర కూర్చునేవాళ్ళు. ఎన్నోసార్లు నేను గుమ్మం దాకా వెళ్ళి, లోపల వాదన విని వెనక్కొచ్చేశాను. "వాన కాదురా, చెమట. గనిలో వానెక్కడిది?" "చెమట అంటే పాటలో ఇమడదు నాన్నా." "అయితే పాట సాగదీయి. ఎలాగూ సాగదీస్తావుగా." రెమీ రాగాలు మార్చలేదు. మాటలు మాత్రం మామూలు మాటలైపోయాయి: కప్పు రంగు, మెట్ల లెక్క, వీపు మీద మోసిన బండల బరువు, గుస్తావ్ అత్తగారు, చివరి పాటలో చక్కెర రొట్టె. కొత్త మాటలతో మొదటిసారి వాయించినప్పుడు గస్పార్ వేరుశెనగలు పక్కన పెట్టేశాడు.

"ఇదివరకు ఏడవమని చెప్పేవాడివి, ఏడుపొచ్చేది కాదు. ఇప్పుడేమీ చెప్పట్లేదు, ఏడుపొస్తోంది రా," అన్నాడు.

స్టూడియోకి అన్సెల్మ్ కూడా వస్తానన్నాడు. వ్యానులో ముందు సీటు ఆయనకిచ్చి, నేను డ్రమ్ముల మధ్య కూర్చున్నాను. మూడో రోజు చివరి పాటకొచ్చాం. రెమీ ప్రతిసారీ ఒకే వరుస దగ్గర తడబడ్డాడు. అయిదుసార్లు ఆపాం. పైగా రికార్డు చేసేవాడు చెవులకి తగిలించుకున్నవి తీసి, "ఎవరిదో ఊపిరి వినిపిస్తోంది," అన్నాడు.

అన్సెల్మ్ లేచాడు. "నాదేలే. నేను పెద్ద చర్చి చూసొస్తా. నలభై ఏళ్ళుగా చూద్దామనుకుంటున్నా."

ఆయన వెళ్ళాక రెమీ ఒక్కసారిలో పాట పూర్తిచేశాడు. ఇప్పుడు రికార్డులో ఉన్నది అదే. ఆయన ముందు ఆ పాట పాడలేకపోయానని తర్వాత నాకు చెప్పాడు.

గంట తర్వాత అన్సెల్మ్ తిరిగొచ్చి కూలబడ్డాడు. "ఎలా ఉంది?" అని జోయెల్ అడిగితే, "కప్పుకి సీసం రేకులు వేశారు. పలకలు వేసుండాల్సింది," అన్నాడు.

రికార్డు అక్టోబరులో వచ్చింది. పేరు 'ఊదారంగు కప్పులు'. వాళ్ళింట్లోనే అందరం కలిసి విన్నాం. మొదటి వైపు అయ్యేదాకా ఆయన కదల్లేదు. రెండో వైపు, చివరి పాటలో, అరచెయ్యి నోటికడ్డం పెట్టుకున్నాడు. సూది పైకి లేచాక, "నా దొంగతనం ఇక ఊరంతా తెలిసిపోతుంది," అన్నాడు. రెమీ లేచి ఆయన వెనక నిలబడి భుజాల మీద చేతులు వేశాడు. ఇద్దరూ అలా ఉండగా మేం కోట్లు తీసుకుని బయటికొచ్చేశాం.

దొంగతనం నిజంగానే తెలిసిపోయింది. కెఫేలో పాత గని స్నేహితులు ఆయన్ని పట్టుకుని, "మా వాటా ఏదిరా దొంగా?" అని నిలదీశారు. గుస్తావ్ అయితే తనకి రెండు ముక్కలు రావాలన్నాడు. 'దొంగ' అన్న పేరు అన్సెల్మ్‌కి ఖాయమైపోయింది. ఆయన కోప్పడకపోగా, కొత్తవాళ్ళెవరైనా వస్తే తనే చెప్పుకునేవాడు.

పారిస్ పత్రిక ఒకటి మా మీద ఆరు వరుసలు రాసింది. మరీ నెమ్మది, మరీ దిగులు అని. పదకొండు కచేరీలు చేశాం. జోయెల్ లీల్ నగరంలో ఉద్యోగం దొరికి వెళ్ళిపోయాడు. డెబ్భై ఎనిమిదికి మా తరహా పాటలు వినేవాళ్ళే లేకుండా పోయారు. మరుసటి ఫిబ్రవరిలో అన్సెల్మ్ పోయాడు. శవపేటిక గని స్నేహితులే మోశారు. శ్మశానం గుట్ట ఎక్కుతూ ఊపిరందక రెండుసార్లు దించారు. కుర్రవాళ్ళు సాయానికొస్తే పొమ్మన్నారు. రికార్డు పెట్టమంటారా అని పాదిరీ అడిగితే రెమీ వద్దన్నాడు.

ఆ ఏడాదే రెమీ, నేనూ పెళ్ళి చేసుకున్నాం. రెమీ ఇంకో రికార్డుకని పాటలు రాయడం మొదలుపెట్టి, రెండో పాట మధ్యలో ఆపేశాడు. ఇవ్వు, నేను దిద్దుతానన్నాను.

"నువ్వు మెచ్చుకుంటావు. కొట్టెయ్యడం నీవల్ల కాదు," అన్నాడు.