తెర తీసిన మధ్యాహ్నం

నేనొక సెలూన్ కుర్చీని. ఇనుప కాళ్లు, తోలు మెత్త, వెనక్కి వాలే వీపు. ఎక్కడో సముద్రాల అవతల పోతపోసి, ఓడలో తెచ్చి, కోస్టారికా దేశంలో కాఫీ తోటల మధ్యనున్న ఒక కొండ ఊళ్లో దించారు. పరదేశినని నన్నెవరూ వేలెత్తి చూపలేదు. హాయిగా కూర్చుని కునుకు తీశారు.

నన్ను కొన్నాయన పోయాక ఆయన కొడుకు ఎవేలియో నాకు యజమాని అయ్యాడు. ఊరంతా ఆయన్ని 'డాన్ ఎవేలియో' అని మర్యాదగా పిలిచేది. ముసలితనంలో ఆయన చెయ్యి వణకడం మొదలైంది. గడ్డాల మీద గాట్లు పడుతుంటే, సాయానికి అసుసేనాను పెట్టుకున్నాడు. ఆమెది పొరుగునున్న నికరాగువా. కాఫీ పళ్లు కోయడానికి వచ్చింది. ఆ దేశం వాళ్లను ఇక్కడ చులకనగా 'నికా'లంటారు. చిన్నప్పుడు తండ్రి దగ్గర కత్తి పట్టడం నేర్చుకుంది.

మొదటి రోజే ఇనుప సామాన్ల దుకాణం ఉబాల్దో నా మీద కూర్చుని, ఆమె కత్తి తియ్యగానే గట్టిగా అరిచాడు.

"ఈ నికా చేతికి నా గొంతు అప్పజెబుతావా ఎవేలియో? మనం తెల్లోళ్లం. వీళ్లని ఇంట్లోకి రానిస్తే రేపు మంచం కూడా మిగలదు!"

ఎదురుగా నిలువెత్తు అద్దం ఉంది. అందులో ఆయన ముఖం అసుసేనా ముఖం కంటే ఒక్క ఛాయ కూడా తెలుపు కాదు. అద్దంలో మనుషులు తమకు కావలసినదే చూసుకుంటారు కాబోలు. ఆ రోజు ఆయన ఎవేలియో వణికే చేతినే కోరుకున్నాడు. దవడ తెగింది. "పర్వాలేదులే, మనోడి చెయ్యే కదా" అని దూది అద్దుకుని వెళ్లిపోయాడు.

కొన్నాళ్లకు ఎవేలియో మంచం పట్టాడు. అసుసేనా ఒక్కతే షాపు తీసేది. వచ్చేవాళ్లు తగ్గిపోయారు. 'నికా, నీ దేశం పో' అని ఎవరో బొగ్గుతో గోడ మీద రాశారు. ఆమె కడిగేసింది. మళ్లీ రాశారు. మళ్లీ కడిగింది.

ఉబాల్దో కూతురి పెళ్లి దగ్గరపడింది. బజారంతా భోజనాలకు మూసుకున్న వేళ ఆయన పెరటి తలుపు తట్టాడు.

"తెర వెయ్యి. తొందరగా కానియ్యి."

ఆమె నున్నగా గీసింది. ఆయన బుగ్గ తడుముకుని, వచ్చిన దారినే పోయాడు. సాయంత్రం ఎదురు హోటల్లో ఆయన గొంతు ఖంగుమంది. "ఆ పిల్ల దగ్గర గడ్డమా? పందికైనా చేయించను!" అసుసేనా వింటూ నేల ఊడుస్తోంది. చీపురు ఒక్క క్షణం ఆగింది.

మరో వారం ఆయన మళ్లీ పెరటి దారినే వచ్చాడు. ఒక బుగ్గ పూర్తయింది. ఆమె కత్తి పక్కన పెట్టి, వెళ్లి తెర పక్కకు లాగేసి, వీధి తలుపు బార్లా తెరిచింది.

"ఏంటిది? మూసెయ్!"

"రెండో బుగ్గ ఉంది డాన్ ఉబాల్దో. ఇలాగే గీస్తాను. ఉంటారా, వెళ్తారా?"

వీధిలో ఇద్దరు ఆగి చూస్తున్నారు. ఆయన వేళ్లు నా చేతుల్ని గట్టిగా బిగించి పట్టుకున్నాయి. తర్వాత ఒక్క ఉదుటున లేచి, సగం ముఖం నురగతోనే పెరట్లోంచి పరుగెత్తాడు. ఆ కబురు విని బజారంతా నవ్వింది. కానీ నవ్విన వాళ్లలో ఒక్కడు కూడా వచ్చి నా మీద కూర్చోలేదు.

మర్నాడు ఉదయానికి షాపు అద్దాలు పగిలి ఉన్నాయి. ఎవేలియో మంచం దిగి కర్ర ఊతంగా వచ్చాడు. ఆమె ముఖంలోకి చూడలేకపోయాడు.

"వెళ్లిపో తల్లీ. నీ తప్పేం లేదు. కానీ నేను ఈ ఊళ్లోనే చావాలి."

"సరే. కూర్చోండి డాన్ ఎవేలియో, గడ్డం పెరిగిపోయింది" అంది అసుసేనా.

గాజు పెంకులు పక్కకు తోసి ఆయనకు గడ్డం చేసింది. తల వెనక్కి వాల్చి, గొంతు ఆమెకు వదిలేసి, ఆయన కళ్లు మూసుకున్నాడు. కన్నీళ్లు చెవుల్లోకి కారాయి. ఆమె వాటినీ తుడిచి, తన సంచీ భుజాన వేసుకుని, బస్సెక్కింది.

షాపు మళ్లీ తెరవలేదు. నన్ను పాత ఇనుము కొట్టుకు అమ్మేశారు. అసుసేనా చేతుల్లో ఆ ముసలి గొంతు ఎంత నిశ్చింతగా ఉందో ఆయనకూ నాకూ మాత్రమే తెలుసు. నాకు నోరు లేదు. ఆయనకు ఉంది. అయినా ఆయన ఎవరికీ చెప్పలేదు.