ఈతకొలను ముందు సైకిళ్లు

దార్కా మెల్నిక్‌కి అరవై మూడేళ్లు. అందులో ముప్పై ఒక్క ఏళ్లు కెనడాలోని విన్నిపెగ్‌లో సిటీ బస్సుల గ్యారేజీలో మెకానిక్‌గా చేసి రిటైరయింది. సైకిలుకి వేసిన తాళం చూస్తే చాలు, వేసినవాడికి బుర్ర ఎంతుందో తెలిసిపోతుందని ఆవిడ నమ్మకం. ఆవిడ లెక్కకి ఊళ్లో బుర్రలు చాలా తక్కువ.

వేసవి వచ్చిందంటే రోజూ పొద్దున్నే ఆరింటికి సైకిలెక్కి ఊరి ఉత్తరం వైపున్న మున్సిపల్ ఈతకొలనుకి వెళ్లేది. ఆ ఏడాది అక్కడికి డెల్మర్ పెన్నర్ అనే కొత్త మేనేజరు వచ్చాడు. నలభై దాటని మనిషి, ఇస్త్రీ నలగని చొక్కా. వచ్చీ రాగానే వాకిట్లో సైకిళ్లు కట్టుకునే లావుపాటి ఇనప కమ్ముల్ని చూడ్డానికి బాగాలేవని పీకించేశాడు. వాటి చోట అలల ఆకారంలో సన్నటి స్టీలు స్టాండ్లు పెట్టించాడు. అవి నిజంగానే అందంగా ఉన్నాయి. కాకపోతే వాటిలో సైకిలు ముందు చక్రం ఒక్కటే దూరుతుంది, తాళం ఆ చక్రానికి తప్ప ఇంక దేనికీ అందదు. చక్రం విప్పేసి మిగతా సైకిలు పట్టుకుపోవడానికి పెద్ద విద్య అక్కర్లేదు.

పైగా ఈతకి వచ్చినవాళ్లు గంటసేపు బయటికి రారు. వచ్చినా తడి ఒంటితో, ఉత్త కాళ్లతో దొంగ వెంట పరిగెత్తలేరు. ఇంతకన్నా మంచి రోజులు ఏ దొంగ కోరుకుంటాడు? జూన్ నెల్లో నాలుగు సైకిళ్లు పోయాయి. డెల్మర్ దానికి చేసిన పని, తలుపు మీద ఒక రంగుల కాగితం అతికించడం. మీ వస్తువులకు మీరే బాధ్యులని రాసి, కింద నవ్వుతున్న దొంగ బొమ్మ వేయించాడు. దార్కా ఆ బొమ్మ కేసి చాలాసేపు చూసింది. దొంగని అంత ముద్దుగా వేయించినవాడి మీద ఆవిడకి కోపం కూడా రాలేదు. కోపం రావడానికి ఎదుటివాడు కాస్తయినా లెక్కలో ఉండాలి. ఆ రోజు నుంచీ ఆవిడ తన సైకిల్ని మెట్ల పక్క రెయిలింగుకి కట్టడం మొదలుపెట్టింది. మర్నాడే సీటు మీద పసుపు చీటీ అంటించి ఉంది, ఇంకోసారి కడితే గొలుసు కత్తిరిస్తామని.

జూలై మొదటివారంలో మారివిక్ సైకిలు పోయింది. మారివిక్ ఫిలిప్పీన్స్ నుంచి వచ్చి పన్నెండేళ్లయింది. వృద్ధాశ్రమంలో ముసలివాళ్లకి స్నానాలు చేయించే ఉద్యోగం. ఈత ముగించుకుని అటునుంచి అటే తొమ్మిదింటి డ్యూటీకి సైకిల్ మీద పోతుంది. ఆ రోజు బయటికి వచ్చేసరికి స్టాండులో ముందు చక్రం ఒక్కటీ ఉంది, దానికి తాళం వేసినట్టే ఉంది. జుట్టులోంచి నీళ్లు కారుతుండగా ఆ చక్రం ముందు అలాగే నిలబడిపోయింది.

డెల్మర్ వచ్చి విచారం తెలిపాడు. ఇంకాస్త మంచి తాళం కొనుక్కోవాల్సిందని సలహా కూడా ఇచ్చాడు.

"తాళం బాగానే ఉంది నాయనా," అంది దార్కా. "చూడు, చక్రాన్ని ఎంత శ్రద్ధగా కాపలా కాస్తోందో. మిగతా సైకిలు కట్టుకోవడానికే నువ్వు చోటివ్వలేదు."

పోలీసులకి ఫిర్యాదు రాయబోతే ఫ్రేము అడుగున ఉండే నంబరు కావాలన్నారు. అలాంటి నంబరు ఒకటుంటుందనే మారివిక్‌కి తెలియదు. సైకిలు కొన్నరోజే రాసిపెట్టుకోవాలని చిన్నపిల్లలకి కూడా తెలుసే అని దార్కా నోరు జారింది. మారివిక్ తడి తువ్వాలు సంచిలో కుక్కుకుని బస్‌స్టాప్ వైపు నడిచింది. రెండు బస్సులు మారాలి. దార్కా ఆ పూట ఇంటికి వెళ్లాక కూడా ఆ మాట ఎందుకన్నానా అని తనని తానే తిట్టుకుంది.

రెండు వారాలకి సైకిల్ వారోత్సవం వచ్చింది. డెల్మర్ కొత్త సైకిలెక్కి వచ్చాడు. పేట పత్రికకి ఫొటో తీయడానికి ఒకమ్మాయి కూడా వచ్చింది. అతను ముందు చక్రాన్ని అలల స్టాండులోకి దూర్చి, మణికట్టంత లావు తాళం వేసి, పక్కన నిలబడి నవ్వాడు. ఈతకి వచ్చినవాళ్లంతా చూస్తున్నారు. దార్కా ముందుకొచ్చి మీ సైకిల్ని ఒకసారి ముట్టుకోవచ్చా అని మర్యాదగా అడిగింది. ఫొటో బాగా వస్తుందనుకున్నాడేమో, తప్పకుండా అన్నాడు.

ఆవిడ పానా తెచ్చుకుంది గానీ దాని అవసరమే రాలేదు. ముందు చక్రానికి చేత్తో తిప్పే మీట ఉంది. అది వదులు చేసి ఫ్రేము పైకెత్తింది. చక్రమూ, మణికట్టంత తాళమూ స్టాండులో ఉండిపోయాయి. మిగతా సైకిల్ని వెనక చక్రం మీద దొర్లించుకుంటూ గేటు దాకా వెళ్లి, వెనక్కి తిరిగి నిలబడింది. కాఫీ ఒక గుక్క మింగినంతసేపు కూడా పట్టలేదు. ఎవరో కిసుక్కున నవ్వారు.

"ఇది మర్యాద కాదమ్మా," అన్నాడు డెల్మర్.

"కాదు, దొంగతనం. ఇక్కడ రోజూ జరిగేదే. నువ్వు చూడ్డం ఇదే మొదలు."

మర్నాడు డెల్మర్ సైకిలు స్టాండులో లేదు. అద్దాల గోడ వెనక, అతని ఆఫీసు గదిలో, ఫైళ్ల బీరువాకి ఆనించి ఉంది. ముందు చూసింది మారివిక్. చెయ్యి పట్టుకుని లాక్కెళ్లి దార్కాకి చూపించింది.

"అక్కా, ఆయనకి అర్థమయింది. తన సైకిలు వరకే అర్థమయింది."

దార్కా బయటికి వెళ్లి తన సైకిల్ని విప్పి, కౌంటర్ ముందునుంచే లోపలికి నడిపించుకొచ్చింది. కౌంటర్లో అమ్మాయి కంప్యూటర్లో ఏదో వెతుక్కుంటున్నట్టు తల వంచుకుంది. దార్కా తన సైకిల్ని డెల్మర్ బల్లకి ఆనించింది. గది సిబ్బందికి మాత్రమే అని అతను చెబుతుంటే, స్టాండ్లు అంత మంచివైతే సిబ్బంది సైకిలు లోపలెందుకని అడిగి, జవాబు కోసం ఆగకుండా ఈతకి వెళ్లిపోయింది.

ఆ మర్నాడు గదిలో చోటు చాల్లేదు. ఈతకి వచ్చే మిగతావాళ్లవీ కలిపి పదకొండు సైకిళ్లు వచ్చాయి, వరండా నిండిపోయింది. నాలుగోరోజున తనిఖీకి వచ్చిన అగ్నిమాపక అధికారి దారికి అడ్డంగా ఇవేమిటని డెల్మర్‌ని నిలదీశాడు. ఎందుకో చెప్పాలంటే స్టాండ్ల సంగతి చెప్పాలి. అతను చెప్పుకోలేక చెప్పుకున్నాడు. అది పైవాళ్ల దాకా వెళ్లింది. ఆగస్టు నడిమికల్లా కౌంటర్లోంచి కనబడేచోట కొత్త ఇనప కమ్ములు కాంక్రీటులో పాతారు. ఫ్రేమూ చక్రమూ కలిపి తాళం వేసుకోవచ్చు.

ఈతకి వచ్చేవాళ్ల అభిప్రాయాలకి విలువిచ్చి తానే ఈ ఏర్పాటు చేసినట్టు డెల్మర్ నోటీసు బోర్డు మీద రాసుకున్నాడు. దార్కా భుజాన తువ్వాలుతో దాన్ని ఆఖరి ముక్క దాకా చదివింది. సైకిళ్ల దొంగకి కూడా ఇంత ధైర్యం ఉండదని పక్కావిడతో అంది.

మారివిక్ సైకిలు మాత్రం దొరకలేదు. రైలు పట్టాల పక్క పొదల్లో ఒక ఫ్రేము పడుందంటే ఇద్దరూ వెళ్లి చూశారు. అది వేరేది. చివరికి చర్చి వాళ్ల పాత సామాన్ల అమ్మకంలో మారివిక్ ఒక ఆకుపచ్చ సైకిలు కొనుక్కుంది, దానితోపాటు సన్నటి గులాబీరంగు తీగ తాళం. దార్కా ఆ తీగని రెండు వేళ్లతో ఎత్తిపట్టుకుని, బట్టలారేసుకోవడానికి పనికొస్తుందని చెప్పింది. ఈసారి మారివిక్ నవ్వింది. ఇద్దరూ సైకిల్ని తిరగేసి, అడుగునున్న నంబరు తుడిచి, రాసుకున్నారు.

సెప్టెంబర్లో ఒకరోజు డెల్మర్ బూట్లకి ప్లాస్టిక్ తొడుగులు వేసుకుని కొలను గట్టు మీదికి వచ్చాడు. తన సైకిలుకి ఎలాంటి తాళం కొంటే మంచిదో చెప్పమని, కాస్త వంగి, మెల్లగా అడిగాడు. దార్కా నీళ్లలోంచే అతన్ని ఎగాదిగా చూసింది. ఇంకా పద్దెనిమిది సార్లు అటూ ఇటూ ఈదాల్సి ఉందనీ, అయ్యాక చెబుతాననీ అంది. అతను బల్ల మీద కూర్చుని ఆవిడ ఈత పూర్తయ్యేదాకా కదలకుండా ఎదురుచూశాడు. ఆవిడేమీ తొందరపడలేదు.