బోనులో లేని మనిషి

మందు మానేసిన ఎలుక మళ్ళీ ఎందుకు మొదలుపెడుతుంది అన్న ఒక్క ప్రశ్న మీదే డాక్టరుగారి ఉద్యోగమంతా గడిచింది. బోనులో ఒక మీట, దాని మీద చిన్న ఆకుపచ్చ దీపం. దీపం వెలిగినప్పుడు మీట నొక్కితే గొట్టంలోంచి మందు చుక్క పడుతుంది. కొన్నాళ్ళకు మందు ఆపేస్తారు. ఎలుక గింజుకుంటుంది, ఊరుకుంటుంది, చివరికి వేళకు తిని పడుకునే బుద్ధిమంతురాలవుతుంది. అప్పుడు దీపం వెలిగిస్తారు. అంతే, పరిగెత్తుకొచ్చి మీట మీద పడుతుంది. చుక్క రాకపోయినా నొక్కుతూనే ఉంటుంది. దీపం కనబడగానే మెదడులో డోపమైన్ అనే రసాయనం ఎలా పొంగుతుందో డాక్టరుగారు కొలిచి చూపించారు. పాత అలవాటును లేపేది మందు కాదు, మందును గుర్తుచేసే వస్తువు అని ఆయన ఏ సభలో చెప్పినా చప్పట్లు మోగేవి.

ఆయన తమ్ముడు మాత్రం ఆ మాట విన్న ప్రతిసారీ లేచి వెళ్ళి తాగేవాడు.

తమ్ముడు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దేవాడు. యాభై దగ్గరపడుతున్నా ఇంట్లో చిన్నోడే. తాగుడు మాన్పించే ఆసుపత్రిలో మూడోసారి చికిత్స పూర్తయి బయటికి వచ్చేటప్పుడు, అక్కడి వైద్యుడు, డాక్టరుగారికి ఒకప్పటి శిష్యుడు, ఆయన్ని పక్కకు పిలిచాడు.

"సార్, కాలేయం ఇంకోసారి తట్టుకోదు. మళ్ళీ మొదలుపెట్టాడంటే మన చేతుల్లో ఏమీ ఉండదు."

"నా దగ్గర పెట్టుకుంటాను," అన్నారు డాక్టరుగారు. "మా ఇంట్లో ఒక్క దీపం కూడా వెలగనివ్వను."

అన్నట్టే చేశారు. వచ్చినప్పుడల్లా తమ్ముడు బాల్కనీలో కూర్చుని తాగే పేము కుర్చీ అటకెక్కింది. తాగుతూ వినే రేడియో దాని పక్కకు చేరింది. గాజు గ్లాసులు పోయి స్టీలు గ్లాసులు వచ్చాయి. బాల్కనీలో పసుపు బల్బు తీసి తెల్లది పెట్టారు. వేయించిన పల్లీల డబ్బా ఖాళీ అయింది.

"మన పెళ్ళికి కూడా ఇల్లు ఇంత సర్దలేదండీ మీరు," అంది ఆయన భార్య నిచ్చెన పట్టుకుని.

"అప్పుడు ప్రాణాల మీదికి రాలేదు."

"ఎవరి ప్రాణాల మీదికి? అడిగారా నన్ను?"

చిన్నోడు వచ్చాడు. మొదట్లో అంతా బాగుంది. పగలంతా వదినతో పేకాడేవాడు, ఓడిపోతే బట్టలు మడతపెట్టేవాడు. ఆకలి పెరిగింది, నిద్ర పట్టింది. సాయంత్రం డాక్టరుగారు ఇంట్లో అడుగుపెట్టగానే మాత్రం చెయ్యి సన్నగా వణికేది. నాలుకతో పెదాలు తడుపుకునేవాడు. కళ్ళు తలుపు వైపు పోయేవి.

డాక్టరుగారు అది వెంటనే గమనించారు. గమనించడమే కదా ఆయన వృత్తి. ఏదో ఒక దీపం ఇంట్లో మిగిలిపోయింది. ఏమిటది?

సాయంత్రపు వేళేమో అనుకుని మధ్యాహ్నం వచ్చి చూశారు. వణుకు తగ్గలేదు. గేటు కిర్రుమంటోందని నూనె పోశారు. బూట్ల చప్పుడని వీధిలోనే విప్పి, చేత్తో పట్టుకుని దొంగలా లోపలికొచ్చారు. ప్రయోగశాల వాసనేమోనని సబ్బు మార్చారు. ఒక్కసారికి ఒక్కటే మార్చాలి, మిగతావన్నీ అలాగే ఉంచాలి. పద్ధతిలో లోపం లేదు. మార్పు జరిగిన ప్రతిసారీ తమ్ముడి ఎదురుగా కూర్చుని, గొంతు సవరించుకుని అడిగేవారు.

"ఏరా, ఇప్పుడెలా ఉంది? నోరు ఆరుతోందా? తాగాలనిపిస్తోందా? దాచకుండా చెప్పు."

"లేదన్నయ్యా," అనేవాడు చిన్నోడు, చేతులు తొడల కింద పెట్టుకుని.

ఒకరోజు భార్య ఉండబట్టలేక అంది. "మీరు ఇంట్లో లేనప్పుడు వాడు బాగానే ఉంటున్నాడండీ."

"అదే నేనూ అనేది. నేను వచ్చే వేళకు ఏదో జరుగుతోంది."

ఆవిడ ఆయన మొహంలోకి చూసింది. పేకముక్కలు కలపడం మొదలుపెట్టింది.

ఆ వారంలోనే, ఒక సాయంత్రం, ఆవిడ ఫోన్ చేసింది. చిన్నోడు చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు, ఇంకా రాలేదు. డాక్టరుగారు ఉన్నపళంగా బయల్దేరారు. వెతకడానికి ఊరంతా తిరగక్కర్లేకపోయింది. మద్యం దుకాణం ఎదురుగా ఉన్న బస్‌స్టాప్‌లో, బస్సుల కోసం చూసేవాళ్ళ మధ్య కూర్చుని ఉన్నాడు తమ్ముడు. ఒడిలో చేతులు గట్టిగా పెనవేసుకుని ఉన్నాయి.

డాక్టరుగారు పక్కన కూర్చుని గొంతు సవరించుకున్నారు. చిన్నోడు ఉలిక్కిపడ్డాడు.

"తాగలేదన్నయ్యా. ఇంకా తాగలేదు."

"ఎందుకొచ్చావురా మరి? ఏం చూశావు? ఏం విన్నావు?"

"నువ్వు ఇందాక ఫోన్ చేశావుగా."

"ఎలా ఉన్నావని అడగడానికి చేశాను."

"అదే." చిన్నోడు రోడ్డు వైపే చూస్తున్నాడు. "నీ మీద కోపం లేదు. నువ్వు నా మంచికే చెప్పావు ఎప్పుడూ. పదో తరగతిలో మార్కులు తగ్గినప్పుడు చెప్పావు. ఉద్యోగం పోయినప్పుడు చెప్పావు. చెప్పబోయే ముందు గొంతు సవరించుకుంటావు చూడు, ఖళ్ళుమని, అది వినబడగానే మళ్ళీ ఏం తప్పు చేశానా అని వెతుక్కునేవాణ్ణి. నువ్వు చెప్పడం అయ్యేదాకా తలూపి, బయటికొచ్చి తాగేవాణ్ణి. అప్పుడు గానీ ఊపిరాడేది కాదు. ఇన్నేళ్ళూ అంతే. ముందు నువ్వు, తర్వాత సీసా."

డాక్టరుగారి నోటికి అలవాటైన ప్రశ్నే వచ్చింది.

"ఎన్నిసార్లు గమనించావు?"

చిన్నోడు ఆయన మొహంలోకి చూసి ఫక్కున నవ్వాడు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. "ఇల్లంతా ఖాళీ చేశావన్నయ్యా. కుర్చీ తీసేశావు, గ్లాసులు తీసేశావు. నువ్వొక్కడివే మిగిలావు."

ప్రయోగశాలలో ఏది మారింది, ఏది మారలేదు అని లెక్క చూసేటప్పుడు బోను ముందు నిలబడ్డ మనిషి ఆ లెక్కలోకి రాడు. డాక్టరుగారూ ఎప్పుడూ తన లెక్కలోకి తాను రాలేదు.

మర్నాడే డాక్టరుగారు రెండు పెట్టెలతో పరిశోధనా సంస్థ అతిథిగృహానికి మారారు. ఇల్లు విడిచి వెళ్ళాల్సినవాడు చిన్నోడు గదా అని బంధువులు బుగ్గలు నొక్కుకున్నారు. "మా ఆయనకు పని ఎక్కువైంది," అని అందరికీ ఒకే సమాధానం చెప్పింది భార్య.

చిన్నోడు తాగకుండా నిలబడ్డాడు. అచ్చాఫీసు వాళ్ళు మళ్ళీ పనిలోకి తీసుకున్నారు. శిష్యుడు పరీక్షలు చేసి, "అద్భుతం సార్, ఏం చేశారు?" అని అడిగాడు. డాక్టరుగారు ఏమీ చేయలేదన్నారు. శిష్యుడు దాన్ని వినయం అనుకున్నాడు.

తమ్ముడు పనికి వెళ్ళినప్పుడు డాక్టరుగారు భార్యను చూడ్డానికి తన ఇంటికి తానే చుట్టంలా వచ్చేవారు. అలా వచ్చిన ఒకరోజు, పేము కుర్చీ బాల్కనీలోకి తిరిగొచ్చి ఉంది. రేడియో దాని పక్కనే ఉంది. పైన పసుపు బల్బు.

"ఇవన్నీ ఎందుకు దింపావు?" గాభరాగా అడిగారాయన.

"వాడే దింపుకున్నాడు. కూర్చుంటాడు, పాటలు వింటాడు. ఏమీ కావట్లేదు." ఆవిడ ఆయనకు గాజు గ్లాసులో టీ ఇచ్చింది. "త్వరగా తాగండి. వాడొచ్చే వేళైంది."

టీ ముగించి బయటికొచ్చారు. నూనె పోసిన గేటు చప్పుడు చేయలేదు. రోడ్డు దాటారో లేదో తమ్ముడు మలుపు తిరిగి రావడం కనబడింది. డాక్టరుగారు ఇంజను ఆపకుండా ఆగి ఉన్న లారీ పక్కకు తప్పుకున్నారు. బాల్కనీలో దీపం వెలిగింది. చిన్నోడు కుర్చీలో జారగిలబడి, గాజు గ్లాసు ఎత్తి, మంచినీళ్ళు గటగటా తాగాడు. లోపలున్న వదినతో ఏదో అని నవ్వాడు. చేతిలో గ్లాసు నిలకడగా ఉంది.

లారీ పొగకు డాక్టరుగారి గొంతులో దురద పుట్టింది. వీధి చివరిదాకా ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే నడిచారు.