చూరు నీళ్ళ సందు

పెంటపాడులో మంగాయమ్మ ఇంటికీ ఆవిడ తోడికోడలు సత్యవేణి ఇంటికీ మధ్య మూడు మూరల సందు ఉంది. అన్నదమ్ములు వేరుపడ్డప్పుడు పెద్దమనుషులు దగ్గరుండి వదిలించిన సందు అది. ఎవరి చూరు నీళ్ళు ఎంత మేర పడితే అంత మేర నేల వాళ్ళదని ఆ ఊరి కట్టుబాటు. రెండు చూర్ల నీళ్ళూ మధ్యలో ఉన్న పిల్లకాలువలో కలిసి వీధిలోకి పోయేవి. పన్నెండేళ్ళుగా ఆ సందు గురించి ఎవరూ నోరెత్తలేదు. 1936 వేసవిలో సత్యవేణి తన చూరు కింద నీళ్ళు నేలపడకుండా పట్టే రేకు దోనె కట్టించింది. అంతే, మంగాయమ్మకి తిన్న అన్నం ఒంటబట్టడం మానేసింది.

మంగాయమ్మ చెడ్డది కాదు, ఆ మాట ముందే చెప్పుకోవాలి. అత్తగారు వెంకటనరసమ్మకి కాళ్ళు పడిపోయి ఆరేళ్ళయింది. ఆరేళ్ళుగా ఆవిడకి నీళ్ళు పోసి, తల దువ్వి, గంజి తాగించి, ఒక్కనాడూ విసుక్కోకుండా చూసింది మంగాయమ్మే. ముసలావిడ మంచం సందువైపు గదిలో ఉండేది. మరిది ఏలూరు జనపనార మిల్లులో గుమాస్తా కాబట్టి సత్యవేణికి గ్రామఫోను ఉంది, ఇంటికి సున్నపు గోడలున్నాయి, పెట్టెనిండా చీరలున్నాయి. మంగాయమ్మకి ఉన్నదల్లా అత్తగారు. "మంగాయమ్మలాంటి కోడలు దొరకాలండీ" అని ఊళ్ళో నలుగురూ అంటుంటే ఆ మాటే ఆవిడ ఒంటిమీద బంగారం. అది కూడా తోడికోడలు ఎక్కడ పట్టుకుపోతుందోనని ఆవిడ భయం.

ఇహ ఆ దోనె సంగతి. కట్టినవాడు యాకోబని, తాడేపల్లిగూడెం రేకుల పనివాడు. మిషన్ బంగళాకి దోనెలు కట్టిన చెయ్యి అది. వాసం వాసానికీ ఇనప కొక్కెం వేశాడు. రేకు అతికినచోటల్లా సీసం కరిగించి మాటు పెట్టాడు. ఇటు చివర చెంబుడు నీళ్ళు పోసి, అటు చివర వీధిలోకి దిగే గొట్టంలోంచి ఎంతసేపటికి వస్తాయో చూశాడు. మధ్యలో జానెడు మేర నీళ్ళు నిలిచాయని కట్టిందంతా ఊడదీసి మళ్ళీ కట్టాడు. గోడ అడుగున కాలువ వైపు వాలుండేలా గచ్చు కూడా వేయించాడు. మంగాయమ్మ వంటింటి కిటికీ ఓరగా తెరిచి మూడు రోజులూ ఇది చూస్తూనే ఉంది. రెండుసార్లు పులుసు మాడింది. పని వంకరగా ఉంటే బావుణ్ణని ఆవిడ మనసారా కోరుకుంది గానీ, ఆ మహానుభావుడి చేతిలో వంకరన్నది లేదాయె.

నాలుగోనాడు తొలకరి జల్లు పడింది. ముసలావిడ మంచంలోంచి చెవి ఒగ్గి వింది.

"అవతల చూరు చప్పుడు లేదేవిటే మంగాయీ?"

"మీ చిన్నకోడలు దోనె కట్టించుకుందిగదండీ."

"బుద్ధిమంతురాలు. గోడ నాలుగు కాలాలపాటు నిలబడుతుంది."

బుద్ధిమంతురాలట. ఆరేళ్ళలో ఆ మాట తననెప్పుడైనా అందా ఈవిడ? మంగాయమ్మకి ఒళ్ళంతా కారం రాసుకున్నట్టయింది.

ఆ సాయంత్రమే సత్యవేణి వచ్చింది. "అక్కయ్యా, రేకు మిగిలిందండీ. యాకోబు రేపు కూడా ఉంటానన్నాడు. మీ చూరుకీ కట్టించేద్దాం. అత్తయ్యగారి గది గోడ మట్టిది కదండీ, నిజానికి ముందు దానికే కావాలి."

"మిగిలినవి తెచ్చి తగిలించుకునే గతి మాకింకా పట్టలేదమ్మా" అంది మంగాయమ్మ, చేటలో బియ్యం మీంచి తల ఎత్తకుండా. సత్యవేణి వచ్చినదారినే వెళ్ళిపోయింది.

ఆ బియ్యం ఏరుతూనే మంగాయమ్మకి ఒక ఆలోచన తట్టింది. తట్టకుండా ఉంటే ఈ కథే లేదు. దోనె కట్టాక సత్యవేణి చూరు నీళ్ళు సందులో పడవు. నీళ్ళు పడని చోట ఆవిడ నేలేవిటి? తన చూరు పొడిగించి, ఆ నీళ్ళు తీసుకెళ్ళి తోడికోడలి గోడ మొదట్లో పోయిస్తే సందంతా తనదే అవుతుంది. పైగా ఆ దొరసాని సున్నపు గోడ దోనె ఉండి కూడా తడుస్తుంది. ఈ రెండోది తలుచుకోగానే మంగాయమ్మకి చాలా రోజుల తరవాత నవ్వొచ్చింది.

మొగుడు జోగారావు నెమ్మదస్తుడు. "మనకెందుకే ఈ గొడవ" అన్నాడు. ఆవిడ రెండు రోజులు మాట్లాడ్డం మానేసింది. మూడోరోజు ఆయనే తాటాకులు తెప్పించాడు. రెండు మూరల పొడుగున చూరు ముందుకి జరిగింది. దానికి ఊతంగా పాతిన నాలుగు గుంజలూ సరిగ్గా పిల్లకాలువలో పడ్డాయి.

యాకోబు మర్చిపోయిన కత్తెర కోసం తిరిగి వచ్చి సందులోకి తొంగిచూశాడు.

"అమ్మగారండీ, ఈ గుంజలు తీయించండి. ఆ గచ్చుమీద పడ్డ నీళ్ళు ఇటే వస్తాయండి. కాలువ మూసుకుపోతే మీ మట్టిగోడ దగ్గరే నిలబడతాయి. పైన తాటాకు కప్పేశారు, ఎండ కూడా తగలదండి."

"ఆవిడ పంపిందా నిన్ను?"

"లేదండీ. నీళ్ళ సంగతండి, అందుకని చెబుతున్నాను."

"నీ కత్తెర పుచ్చుకుని వెళ్ళు నాయనా."

శ్రావణం వచ్చింది, భాద్రపదం వచ్చింది. వాన పడ్డప్పుడల్లా మంగాయమ్మ వంటింటి కిటికీ దగ్గర చేరేది. తన నీళ్ళు తోడికోడలి గోడ మీద చిందుతుంటే, సున్నం మీద పాచి పట్టి పచ్చబడుతుంటే ఆవిడకి కళ్ళు చల్లబడేవి. సత్యవేణి ఒక్కమాటా అనకపోవడమే అన్యాయంగా ఉండేది. ఏడవదేం? పోట్లాటకి రాదేం?

ఆశ్వయుజంలో వచ్చింది, పోట్లాటకి కాదు. "అక్కయ్యా, మా కిటికీలోంచి చూశానండి, అత్తయ్యగారి గది గోడ అడుగున ఉబ్బింది. బావగారితో చెప్పి ఓసారి చూపించండి."

"మా సందు చూసి నీకు కడుపు ఉబ్బిందిలే" అంది మంగాయమ్మ. ఎదుటివాళ్ళ ఏడుపు ఎంత దూరాన ఉన్నా తనకి కనబడుతుందని ఆవిడ నమ్మకం.

ముసలావిడ కూడా రెండు మూడుసార్లు అంది, "గోడ మీద చెయ్యి పెడితే చల్లగా తగులుతోందే మంగాయీ" అని. "వానాకాలం కదండీ" అని దుప్పటి కప్పి మంగాయమ్మ మళ్ళీ కిటికీ దగ్గరికి వెళ్ళేది. అత్తగారి మీద ప్రేమ లేక కాదు. కిటికీలోంచి కనబడే గోడ మీద ఆవిడకి అంతకంటే ఎక్కువ ధ్యాస పడింది, అంతే.

కార్తీకంలో గాలివాన పట్టింది. ఎర్రకాలువ పొంగి చేలన్నీ ఏకమయ్యాయి. జోగారావు కోసి వేసిన వరి పనలు ఏమయ్యాయో చూసుకోవడానికి పోయాడు. మూడోరోజు మధ్యాహ్నం మంగాయమ్మ కిటికీ దగ్గరే ఉంది. తాటాకు చూరు మీంచి నీళ్ళు బిందెలతో గుమ్మరించినట్టు పడుతున్నాయి. సత్యవేణి గోడ సున్నం పెచ్చులు పెచ్చులుగా ఊడుతోంది. మంగాయమ్మ ఒక్కొక్క పెచ్చునీ లెక్కపెట్టుకుంటోంది.

వీధి గుమ్మంలోంచి ఎవరో పరిగెత్తుకొచ్చిన అలికిడయింది. "అత్తయ్యగారూ" అన్న కేక, మంచం కోళ్ళు నేల మీద ఈడ్చిన చప్పుడు. ఎవరమ్మా అని మంగాయమ్మ వెనక్కి తిరిగేలోగా ఇల్లు ఒక్కసారి అదిరింది. వెళ్ళి చూస్తే గదిలో గోడ లేదు. మంచం ఉండే చోట మోకాలెత్తు మట్టి, దాని మీద వాన. గోడ ఒరగడం తన కిటికీలోంచి చూసి పరిగెత్తుకొచ్చిన సత్యవేణి, సావిట్లో మంచం పట్టె పట్టుకుని రొప్పుతోంది. మంచం మీద ముసలావిడ కళ్ళు మూసుకుని దణ్ణం పెడుతోంది.

మంగాయమ్మకి ముందు వచ్చింది భయం కాదు, సిగ్గూ కాదు. నా ఇంట్లో, నా అత్తగారి మంచం మీద, దీని చెయ్యేవిటి అనిపించింది. ఆ తరవాతే ముసలావిడకి దెబ్బ తగిలిందేమోనని చూసింది.

పొడి గది ఇంకొకటి లేదు. ముసలావిణ్ణి సత్యవేణి ఇంటికి మోసుకెళ్ళారు. రెండు రోజులు మంగాయమ్మ తోడికోడలి గడప తొక్కలేదు. వాన వెలిశాక గుంజలు తనే పీకింది, పిల్లకాలువలో మట్టి తనే ఎత్తిపోసింది. ఎత్తిపోస్తుంటే అవతల గదిలో అత్తగారి దగ్గు వినబడేది. దానికి బదులుగా "ఇదిగో అత్తయ్యగారూ, నీళ్ళు" అన్న గొంతు వినబడేది. ఆ గొంతు తనది కాదు.

మూడోనాడు స్నానం చేసి తోడికోడలి గుమ్మంలో నిలబడింది. సత్యవేణి లేచి పీట వేసింది. మంగాయమ్మ పీట మీద కూర్చోలేదు, మంచం పక్కన నేల మీద కూర్చుంది.

"గోడ మళ్ళీ పెట్టిస్తున్నానండీ అత్తయ్యగారూ. రాతి పునాదితో. యాకోబుకి కబురంపాను, దోనె కూడా కడతాడు. నెల్లాళ్ళలో మన గది సిద్ధమవుతుంది."

ముసలావిడ కోపం లేకుండానే అంది. "నాలుగు నెలలు దాని గోడే చూశావు మంగాయీ. నా గోడ ఒక్కసారి వచ్చి ముట్టుకోలేదు."

మంగాయమ్మ తల వంచుకుంది.

సత్యవేణి గంజి గిన్నె పట్టుకొచ్చింది. మంచం దగ్గర ఆగి, ఆ గిన్నె మంగాయమ్మ చేతికే అందించింది. "మీరు పట్టండి అక్కయ్యా. నాకు సరిగ్గా చేతకావడం లేదండీ, మెడ మీద కార్చేస్తున్నాను."

మంగాయమ్మ గబగబా అందుకుంది. ఆరేళ్ళ అలవాటు. తల కింద ఎడమచెయ్యి పెట్టి, గంజి ఊది, చెంచా నోటి దగ్గరికి తీసుకెళ్ళింది. ముసలావిడ నోరు తెరవలేదు. పెద్దకోడలి ముఖంలోకి కాసేపు చూసి, మెల్లిగా తల పక్కకి తిప్పుకుంది.

"రేపు నువ్వు పట్టుదువుగాని" అంది. "ఇవాళ దాన్ని పట్టనియ్యి."